మిలిటరీ అంటే పరుగు పందెమేనా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారుజామున రోడ్డు వెంట పరుగెత్తే యువకులు మనకు కొత్త కాదు. ఎవరినైనా ఆపి అడిగితే "మిలిటరీ సెలక్షన్లకు, అన్నా" అంటారు. వారి పట్టుదల మెచ్చుకోదగినదే. 2022 నుండి సైన్యంలో సిపాయిలను అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ళకు తీసుకుంటున్నారు. పథకం ప్రకారం, ఆ నాలుగేళ్ళు ముగిశాక నలుగురిలో ఒకరికి మించి కొనసాగించరు. ఇది తెలిసి కూడా మన పిల్లలు పరుగెత్తుతున్నారు, ఎందుకంటే మిలిటరీకి వారికి తెలిసిన ద్వారం అదొక్కటే.

రెండో ద్వారం ఒకటున్నది. దాదాపు అదే వయసులో, ఇంటర్మీడియట్ చదువుతోనే, అధికారిగా చేరే ద్వారం. ప్రభుత్వ ఖర్చుతో డిగ్రీ చదివించి, యుద్ధవిద్య నేర్పించి, సైన్యంలో లెఫ్టినెంటుగా నిలబెడతారు. ఈ మాట మన సంఘాలలో చెప్పినప్పుడల్లా మేము వినే జవాబు దాదాపు ఒక్కటే. "అయ్యగారూ, ఆఫీసరు ఉద్యోగాలంటే పెద్దోళ్ళ పిల్లలకు గదా? మాలాంటోళ్ళకు ఎవురిస్తారు?"

ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ద్వారం ఇరుకైనదే. కానీ డబ్బులేదని మూసివేసే ద్వారం కాదు. ఆలస్యంగా వచ్చేవారికి మాత్రం అది మూసుకుపోతుంది. కనుక మన పిల్లలు పోగొట్టుకొంటున్నది సమయాన్నే.

దానియేలు చదివిన చదువు

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మన సండే స్కూలు పిల్లలకు కంఠతా వచ్చు. బబులోను రాజు తన కొలువుకు కొందరు యౌవనులను ఎంపిక చేయించాడు. శరీరంలో లోపం లేనివారు, తెలివిగలవారు, నేర్చుకొనే శక్తిగలవారు కావాలన్నాడు. వారికి రాజభోజనం పెట్టి మూడు సంవత్సరాలు శిక్షణ ఇప్పించాడు. మూడేళ్ళ చివర రాజే స్వయంగా వారిని పరీక్షించాడు.

పూణే దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ పద్ధతిని చూస్తే ఈ అధ్యాయం గుర్తుకు వస్తుంది. అక్కడ కూడా ఆరోగ్యం, తెలివి, నేర్చుకొనే మనసు చూసి ఎంపిక చేస్తారు. అక్కడ కూడా శిక్షణ మూడేళ్ళే, ఆరు టర్ములుగా. పదాతిదళం, నౌకాదళం, వైమానికదళం అనే మూడింటికీ చెందిన క్యాడెట్లు ఒకే ప్రాంగణంలో కలిసి చదువుతారు. 1949లో ప్రధాని నెహ్రూ ఆ అకాడమీకి పునాదిరాయి వేశారు. మూడేళ్ళ చదువుకు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీ ఇస్తుంది. ఆ తరువాత సైన్యంవారు డెహ్రాడూన్‌కు, నౌకాదళంవారు కేరళలోని ఎళిమలకు, వైమానికదళంవారు మన హైదరాబాదు పక్కన దుండిగల్‌కు వెళ్ళి మిగిలిన శిక్షణ పూర్తిచేస్తారు.

దానియేలు సంగతిలో మనం తరచుగా మరచిపోయే మాట ఒకటున్నది. అతడు పరదేశంలో, బందీగా పోయి, వేరే భాషలో, వేరే ప్రజల విద్యలో పోటీపడ్డాడు. మన పిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు కష్టమనిపించినప్పుడు దానియేలుకు కల్దీయుల భాష ఎంత కష్టమై ఉంటుందో చెప్పండి.

వ్రాత పరీక్ష

ఈ ఎంపికకు మొదటి మెట్టు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ జరిపే వ్రాత పరీక్ష. కలెక్టర్లను ఎంపిక చేసే కమిషన్ కూడా ఇదే. ఏడాదికి రెండుసార్లు, సాధారణంగా ఏప్రిల్ నెలలోను సెప్టెంబరు నెలలోను పరీక్ష జరుగుతుంది. బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరాల్లో కేంద్రాలున్నాయి.

రెండు పత్రాలుంటాయి. మొదటిది గణితం: రెండున్నర గంటలు, 120 ప్రశ్నలు, 300 మార్కులు. రెండవది సాధారణ సామర్థ్య పరీక్ష: మళ్ళీ రెండున్నర గంటలు, 150 ప్రశ్నలు, 600 మార్కులు. ఇందులో 200 మార్కులు ఇంగ్లీషుకు. మిగిలిన 400 మార్కులు భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, సామాన్య విజ్ఞానం, చరిత్ర, భూగోళం, వర్తమాన విషయాలకు. ప్రశ్నలు ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి. తెలుగులో ఉండవు. తప్పు జవాబు పెడితే ఆ ప్రశ్న మార్కులో మూడోవంతు తగ్గిస్తారు. కాబట్టి తెలియనిదాన్ని వదిలిపెట్టడం కూడా తెలిసి ఉండాలి.

ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్నవారు, పూర్తిచేసినవారు అర్హులు. మొదటి సంవత్సరం పిల్లలు అర్హులు కారు. ఎం.పి.సి. చదివినవారికి మూడు దళాలూ తెరిచే ఉంటాయి. ఇతర గ్రూపులవారు సైన్యానికి మాత్రమే దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ వారూ గణితం పత్రం వ్రాయవలసిందే. అభ్యర్థి పెళ్ళికానివారై ఉండాలి.

వయసు సంగతి జాగ్రత్తగా వినండి. శిక్షణ మొదలయ్యే నాటికి పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ళ మధ్య ఉండాలి. ఇందులో ఏ వర్గానికీ సడలింపు లేదు. ఇంటర్ రెండవ సంవత్సరంలో మొదటిసారి వ్రాసిన బిడ్డకు మహా అయితే నాలుగైదు అవకాశాలు దొరుకుతాయి. డిగ్రీ రెండవ సంవత్సరంలో ఎవరో చెప్పగా విన్న బిడ్డకు ఒక్కటీ మిగలకపోవచ్చు.

పుట్టిన తేదీ విషయంలో పల్లె కుటుంబాలకు మరో హెచ్చరిక అవసరం. బడిలో చేర్పించేటప్పుడు పంతులుగారు అడిగితే ఏదో ఒక తేదీ వేయించడం మన పల్లెల్లో అలవాటు. కమిషన్ మాత్రం పదవ తరగతి సర్టిఫికెట్టులో ఉన్న తేదీనే లెక్కలోకి తీసుకుంటుంది. తరువాత "అసలు తేదీ ఇది కాదు" అంటే వినదు. మీ బిడ్డ పదవ తరగతికి రాకముందే పుట్టిన తేదీ, పేరు, ఇంటిపేరు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉన్నాయా అని చూసుకోండి.

ఐదు రోజుల పరీక్ష

వ్రాత పరీక్షకు 900 మార్కులు. అందులో నెగ్గినవారిని సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ముందుకు పిలుస్తారు. దీనికి కూడా 900 మార్కులే! అంటే పుస్తకం చదువుకు ఎంత విలువో, మనిషి నడతకు అంతే విలువ. సైన్యానికి సంబంధించిన ఒక ఎంపిక కేంద్రం బెంగుళూరులో ఉంది. హిందూపురం నుండి అది దాదాపు వంద కిలోమీటర్లు. వైమానికదళానికి మైసూరులో ఒక బోర్డు ఉంది. మొదటిసారి ఆ ఎంపికకు వెళ్ళేవారికి నిబంధనల ప్రకారం రైలు ఛార్జీ ఇస్తారు. అక్కడ ఉన్నన్ని రోజులు బస, భోజనం వారే చూసుకుంటారు.

మొదటి రోజు బుద్ధి పరీక్ష ఉంటుంది. తరువాత మసకగా ఉన్న ఒక బొమ్మను అర నిమిషం చూపించి, నాలుగు నిమిషాల్లో కథ వ్రాయమంటారు. ఆ కథను తోటివారి ముందు చెప్పి, అందరూ కలిసి చర్చించాలి. ఇక్కడ నిలవనివారు అదే రోజు ఇంటికి బయలుదేరుతారు.

రెండవ రోజు మనస్తత్వ పరీక్షలు. బొమ్మలు చూసి కథలు వ్రాయాలి. ఒక్కొక్క మాటను పదిహేను సెకండ్లు చూపిస్తే, మనసుకు తోచిన వాక్యం వ్రాయాలి. అలాంటి మాటలు అరవై. అరగంటలో అరవై సందర్భాలకు తాను ఏమి చేస్తాడో వ్రాయాలి. చివరకు తన గురించి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, స్నేహితులు ఏమనుకుంటున్నారో తానే వ్రాయాలి.

తరువాతి రెండు రోజులు మైదానంలో. కొందరిని ఒక గుంపు చేసి పలకలు, తాళ్ళు, పీపాలు ఇచ్చి, నేల తాకకుండా ఒక అడ్డంకి దాటమంటారు. ఒకరే దాటితే చాలదు, గుంపు మొత్తం దాటాలి. తోటివారి ముందు మూడు నిమిషాలు ఒక విషయంపై మాట్లాడాలి. ఈ రోజుల్లోనే ఒక అధికారి ఎదుట విడిగా ఇంటర్వ్యూ ఉంటుంది. ఐదవ రోజు పరీక్షించిన అధికారులందరూ కూర్చుని, ఒక్కొక్కరి గురించి నిర్ణయానికి వస్తారు. ఎంపికైనవారికి ఆ తరువాత సైనిక ఆసుపత్రిలో వైద్య పరీక్ష.

అధికారిలో ఉండవలసిన పదిహేను గుణాలను వారు వెదుకుతారు. బాధ్యత, చొరవ, తోటివారితో సహకారం, ధైర్యం, మాట చెప్పగల శక్తి, నిర్ణయం తీసుకొనే వేగం వంటివి అవి. ఇవన్నీ ఒక నెల కోచింగులో అంటించుకొనేవి కావు. బట్టీపట్టిన కథలు వ్రాసేవారు, లేని గొప్పలు చెప్పేవారు అక్కడ నిలవలేరు. ఎందుకంటే వ్రాసినదీ, మాట్లాడినదీ, మైదానంలో చేసినదీ ముగ్గురు వేరువేరు అధికారులు చూసి, చివరి రోజున పక్కపక్కన పెట్టి పోలుస్తారు. సత్యం పలికేవాడు ఏమి చెప్పానో గుర్తుపెట్టుకోవలసిన పనిలేదు.

ఇంటర్వ్యూలో ఇల్లు, ఊరు, స్నేహితులు, చదువు గురించే ఎక్కువగా అడుగుతారు. ధర్మవరం బిడ్డ అయితే మగ్గం మీద పట్టుచీర ఎలా నేస్తారో, ముడి పట్టు ధర పెరిగితే నేతవాని కూలి ఏమవుతుందో చెప్పగలగాలి. పెనుకొండ బిడ్డ అయితే 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు ఈ కొండ ఎలా రాజధాని అయిందో, 2019లో ఎర్రమంచి దగ్గర కార్ల తయారీ మొదలయ్యాక ఊరిలో ఏమి మారిందో చెప్పగలగాలి. హిందూపురం బిడ్డకు పట్టుగూళ్ళ మార్కెట్టు గురించి, వేరుశనగ రైతు కష్టం గురించి తెలిసి ఉండాలి. నాన్న చేసే పనిని సిగ్గుపడకుండా, వివరంగా చెప్పగల బిడ్డ సగం ఇంటర్వ్యూ గెలిచినట్లే.

అందరికీ ఒకే వరుస

మన కుటుంబాల్లో చాలామందిని బాధించే సంగతి ఒకటున్నది. క్రైస్తవులైన దళిత కుటుంబాలను మన రాష్ట్రంలో బి.సి.-సి వర్గంగా లెక్కిస్తారు. ఏ దరఖాస్తు నింపినా "ఏ సర్టిఫికెట్టు పెట్టాలి?" అనే ప్రశ్న ఇంట్లో కలవరం రేపుతుంది. ఎన్.డి.ఎ. ఎంపికలో కులాన్నిబట్టి సీట్ల కేటాయింపు లేదు. దరఖాస్తు రుసుము 100 రూపాయలు. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, అమ్మాయిలకు ఆ రుసుము మినహాయించారు. భేదం అంతవరకే. ఈ ద్వారం దగ్గర రాజుగారి బిడ్డ, కూలివాని బిడ్డ ఒకే వరుసలో నిలబడతారు. దీన్ని కష్టంగా చూసేవారున్నారు, నిజమే. కానీ ఏ కాగితం కోసమూ అబద్ధం ఆడవలసిన అవసరం ఇక్కడ లేదని సంతోషించవచ్చు.

ఖర్చు సంగతి. అకాడమీలో చదువు, బస, భోజనం, పుస్తకాలు, యూనిఫారం, వైద్యం అన్నీ ప్రభుత్వమే భరిస్తుంది. నెలనెలా చేతి ఖర్చులు మాత్రం తల్లిదండ్రులు పంపాలి. ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు అందులోనూ సహాయం ఉంది. అకాడమీ ముగించి డెహ్రాడూన్ వంటి చోట చివరి శిక్షణలో ఉండగా నెలకు 56,100 రూపాయల స్టైపెండు ఇస్తారు. ఏడవ వేతన సంఘం లెక్క ప్రకారం లెఫ్టినెంటు మూలవేతనం కూడా అక్కడి నుండే మొదలవుతుంది. అయితే బిడ్డ తన ఇష్టంతో శిక్షణ మధ్యలో మానివేస్తే ఖర్చు తిరిగి కట్టవలసి ఉంటుంది. తల్లిదండ్రులు సంతకం చేసే కాగితాన్ని చదివించుకొని సంతకం చేయండి.

"సీటు ఇప్పిస్తాం" అని డబ్బు అడిగేవారు ఎవరైనా సరే, మోసగాళ్ళే. ఈ ఎంపికలో సీటు అమ్మేవారు లేరు.

మన అమ్మాయిలకు

చాలాకాలం ఈ ద్వారం అబ్బాయిలకే తెరచి ఉంది. 2021 ఆగస్టులో సుప్రీం కోర్టు ఇచ్చిన ఆదేశంతో అమ్మాయిలు కూడా వ్రాయడం మొదలుపెట్టారు. ఆ ఏడాది నవంబరులో జరిగిన పరీక్షకు దాదాపు 5 లక్షల 75 వేలమంది దరఖాస్తు చేశారు. వారిలో అమ్మాయిలు 1 లక్షా 77 వేలకు పైగా. మొత్తం స్థానాలు 400, అందులో అమ్మాయిలకు 19. 2022లో చేరిన ఆ మొదటి బృందంలో 17 మంది 2025 మే 30న అబ్బాయిలతో కలిసి పట్టా పుచ్చుకొని కవాతు చేశారు.

ఈ అంకెలు చూసి గుండె జారిపోనివ్వకండి, అలాగని అంకెలు దాచకండి. అమ్మాయికి పదిహేడేళ్ళకే సంబంధాలు చూసే తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచించండి. దెబోరాను న్యాయాధిపతిగా నిలిపిన దేవుడు మన ఇంటి ఆడబిడ్డకు ఏ పని నియమించాడో మనకు తెలియదు.

చిన్నప్పుడే తెరుచుకొనే తలుపు

ఎంత ముందుగా మొదలుపెడితే అంత మంచిది. దానికి సైనిక పాఠశాలలున్నాయి. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962లోను, కలికిరిలో 2014లోను ఇవి ప్రారంభమయ్యాయి. కలికిరి మనకు దూరం కాదు. ధర్మవరం నుండి కదిరి, మదనపల్లె రోడ్డు మీదుగా పాకాల వెళ్ళే రైలు మార్గంలోనే ఉంది. ఆరవ తరగతిలో, తొమ్మిదవ తరగతిలో ప్రవేశ పరీక్ష ద్వారా చేర్చుకొంటారు. ఆరవ తరగతి పరీక్షను తెలుగులో కూడా వ్రాయవచ్చు. అమ్మాయిలకూ ప్రవేశం ఉంది. ఇక్కడ ఫీజు ఉంటుంది, స్కాలర్‌షిప్పులూ ఉంటాయి, ముందుగా విచారించండి.

సూర్యాపేటకు చెందిన కల్నల్ బి. సంతోష్ బాబు ఆరవ తరగతిలో కోరుకొండ పాఠశాలలో చేరి, అక్కడి నుండి ఎన్.డి.ఎ.కు వెళ్ళి, 2004లో బిహార్ రెజిమెంటులో అధికారి అయ్యారు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో తన సిపాయిల ముందు నిలిచి ప్రాణమిచ్చారు. ప్రభుత్వం మహావీర చక్ర ఇచ్చి గౌరవించింది. తెలుగు ఇంట పుట్టి, పదేళ్ళ ప్రాయంలో హాస్టలుకు వెళ్ళిన ఒక బాలుని దారి అది.

రెండు భయాలు

ఆ పేరు చెప్పగానే తల్లుల గుండె ఎక్కడికి పోతుందో మాకు తెలుసు. మొదటి భయం ప్రాణభయం. ఇది తేలికగా తీసివేసే మాట కాదు. శిక్షణలోనే గాయపడి బయటికి వచ్చినవారు కూడా ఉన్నారు. వారి విషయం 2025లో సుప్రీం కోర్టు తానుగా చేపట్టి విచారించింది. బిడ్డను పంపే తల్లిదండ్రులు ఇదంతా తెలిసి, ప్రార్థించి, మనస్ఫూర్తిగా పంపాలి. బలవంతంగా పంపకూడదు, బలవంతంగా ఆపకూడదు.

నాగాలాండులో నెర్హెమ అనే గ్రామం నుండి వచ్చిన కెప్టెన్ నెయికెఝాకువో కెంగురూసె కొంతకాలం బడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1998 డిసెంబరులో డెహ్రాడూన్ నుండి అధికారి అయ్యారు. 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో మంచు కొండ ఎక్కడానికి బూట్లు జారుతుంటే వాటిని విప్పివేసి, ఉత్త కాళ్ళతో ఎక్కి శత్రువులతో పోరాడి నేలకొరిగారు. ఆయనకు మహావీర చక్ర లభించింది. ఆ గుట్టల ఊళ్ళలో కూడా మనలాగే ఆదివారం గుడికి వెళ్ళే తల్లులున్నారు.

రెండవ భయం విశ్వాసం గురించి. సైన్యంలో అన్ని మతాలవారూ కలిసి ఉంటారు. క్రైస్తవ సిపాయిలకు పాదిరీలూ ఉంటారు. అయితే అధికారి తన సిపాయిల పండుగల్లో వారితో నిలబడాలని రెజిమెంట్లు ఎదురుచూస్తాయి. 2017లో కమిషన్ పొందిన ఒక ప్రొటెస్టెంట్ అధికారి, రెజిమెంటు మందిరంలో గర్భగుడిలోనికి వెళ్ళి పూజలో పాల్గొనడానికి తన మనస్సాక్షి ఒప్పుకోదని నిరాకరించారు. 2021లో ఆయనను ఉద్యోగం నుండి తొలగించారు. 2025 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఆ తొలగింపును సమర్థించింది. నవంబరులో సుప్రీం కోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. దీనిపై మన సంఘాలలోనే వేరువేరు అభిప్రాయాలున్నాయి. ఇక్కడ మేము తీర్పు చెప్పబోవడం లేదు. కానీ దరఖాస్తు పెట్టకముందే ఈ సంగతి బిడ్డతో, సంఘకాపరితో కూర్చుని మాట్లాడుకోవాలని మాత్రం గట్టిగా చెబుతున్నాము. దానియేలు రాజభోజనం విషయంలో తన మనసులో ముందుగానే నిశ్చయించుకొన్నాడు. తరువాత పై అధికారిని మర్యాదగా వేడుకొన్నాడు. నిశ్చయమూ కావాలి, మర్యాదా కావాలి. సమయం వచ్చాక ఆలోచించుకొందామంటే రెండూ నిలవవు.

కొర్నేలీ శతాధిపతిగా ఉంటూనే దేవునికి భయపడినవాడు. సైనికులు తన దగ్గరికి వచ్చి "మేమేమి చేయాలి" అని అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను వారిని ఉద్యోగం మానమనలేదు. ఎవరినీ బాధపెట్టి దోచుకోవద్దనీ, జీతంతో తృప్తిపడమనీ చెప్పాడు. ఈ మాట మన పిల్లల చెవిలో వేసి పంపుదాం.

సంఘం చేయగలిగినది

మన సంఘాల్లో ఉన్న ఒక బలాన్ని మనమే గుర్తించడం లేదు. పట్నపు పిల్లలు డబ్బు కట్టి నేర్చుకొనే కొన్ని సంగతులు మన పిల్లలకు గుడిలోనే ఉచితంగా దొరుకుతున్నాయి. సండే స్కూలులో వందమంది ఎదుట వాక్యం అప్పజెప్పే బిడ్డకు సభాభయం ఉండదు. వి.బి.ఎస్.లో చిన్నపిల్లలను ఆడించే యౌవనునికి గుంపును నడపడం వచ్చు. క్రిస్మస్ నాటికకు తెరలు కట్టి, దీపాలు పెట్టి, అలిగినవారిని బుజ్జగించి కార్యక్రమం పూర్తిచేసేవాడు బోర్డు మైదానంలో పలకలు, తాళ్ళు చూసి బెదరడు.

మనకు తక్కువైనవి రెండే: ఇంగ్లీషు, లెక్కలు. వీటికి సంఘం ఏమి చేయవచ్చు? వారానికి రెండు సాయంత్రాలు గుడి వరండాలో లైటు వేసి, సంఘంలో ఉన్న ఉపాధ్యాయులను, ఇంజనీరింగు చదివే అన్నలను, అక్కలను కూర్చోబెట్టవచ్చు. ఒక ఇంగ్లీషు దినపత్రిక తెప్పించి, పిల్లలచేత రోజూ పావుగంట పైకి చదివించవచ్చు. ఇంగ్లీషు బైబిలు కూడా పైకి చదివిస్తే నాలుక తిరుగుతుంది. ఆరు నుండి పన్నెండు వరకు ఎన్.సి.ఇ.ఆర్.టి. గణితం, సైన్సు పుస్తకాలు ఒక్క సెట్టు గుడి బీరువాలో ఉంచితే ఎంతమందికో ఉపయోగం. కాలేజీలో ఎన్.సి.సి. ఉంటే చేర్పించండి. సంఘంలో రిటైరైన సైనికులుంటే వారిని యౌవనుల కూటానికి పిలిచి మాట్లాడించండి. స్త్రీల మైత్రివారు తల్లులకు ఈ విషయాలు చెప్పవచ్చు.

శరీరాన్ని కూడా మరువకండి. సైన్యానికి అబ్బాయిల ఎత్తు కనీసం 157 సెంటీమీటర్లు, విమానం నడపడానికి 162.5 ఉండాలి. కళ్ళు, చెవులు, పళ్ళు, పాదాలు, మోకాళ్ళు అన్నీ చూస్తారు. పుచ్చిన పన్ను, చెవిలో గులిమి వంటివి ముందే ధర్మాసుపత్రిలో చూపించుకొంటే చివరి మెట్టుమీద కాలు జారదు. రంగులు గుర్తించలేని లోపం ఉంటే ముందుగా తెలుసుకోవడం మేలు. పచ్చబొట్లు పొడిపించుకోవద్దని పిల్లలకు ఇప్పుడే చెప్పండి.

ఇంటికి తిరిగివచ్చిన బిడ్డ

ఇక చివరి మాట, మా దృష్టిలో ముఖ్యమైన మాట. ఈ పోటీలో లక్షలమంది వ్రాస్తారు, వందలమంది చేరతారు. మీ బిడ్డ ఐదవ రోజు సాయంత్రం పెట్టె పట్టుకొని ఇంటికి తిరిగి రావచ్చు. ఆ రోజు మీరు పలికే మొదటి మాట అతని జీవితాంతం గుర్తుంటుంది. "నువ్వు పనికిరావని వాళ్ళే చెప్పినారు గదా" అనకండి. బోర్డు అలా చెప్పలేదు. ఈ రోజు, ఈ పనికి, ఈ బిడ్డను తీసుకోలేదని మాత్రమే చెప్పింది. మళ్ళీ పరీక్ష వ్రాసి, మళ్ళీ బోర్డు ముందుకు వెళ్ళి ఎంపికైనవారు సైన్యంలో కొల్లలుగా ఉన్నారు.

గిద్యోను వెంట 32,000 మంది వచ్చారు. భయపడినవారు వెళ్ళవచ్చనగా 22,000 మంది ఇంటికి వెళ్ళారు. మిగిలిన 10,000 మందిని నీళ్ళ దగ్గర పరీక్షించి 300 మందిని మాత్రమే దేవుడు ఉంచుకొన్నాడు. ఇంటికి వెళ్ళినవారిని ఆయన శపించలేదు. శత్రువు పారిపోయినప్పుడు తరమడానికి మళ్ళీ ఇశ్రాయేలు గోత్రాలవారినే పిలిపించారని అదే అధ్యాయం చెబుతున్నది. దేవుని పనిలో రెండవ పిలుపు ఉంటుంది.

మన పిల్లలకు కూడా రెండవ పిలుపులు ఎన్నో ఉన్నాయి. ఇంటర్ ఎం.పి.సి., జె.ఇ.ఇ. మార్కులతో సైన్యంలోను, ఎళిమల నౌకాదళ అకాడమీలోను ఇంజనీరింగు పట్టాతో అధికారి అయ్యే పథకాలున్నాయి. నీట్ ద్వారా పూణే సైనిక వైద్య కళాశాలలో డాక్టరు కావచ్చు. డిగ్రీ తరువాత కమిషన్ జరిపే మరో పరీక్షతో డెహ్రాడూన్‌కు, చెన్నైలోని అధికారుల శిక్షణ అకాడమీకి వెళ్ళవచ్చు. ఎన్.సి.సి.లో "సి" సర్టిఫికెట్టు ఉన్న పట్టభద్రులకు వ్రాత పరీక్ష లేకుండానే బోర్డు పిలుపు వచ్చే మార్గం కూడా ఉంది. ఇవేవీ కుదరకపోయినా, ఇంగ్లీషు నేర్చి, లెక్కలు నేర్చి, నలుగురితో కలిసి పనిచేయడం నేర్చిన బిడ్డ ఏ ఉద్యోగంలోనైనా నిలబడతాడు. సిపాయిగా వెళ్ళినా మంచి సిపాయి అవుతాడు.

ఈ పత్రిక మీ చేతికి వచ్చిన వారంలో ఒక చిన్న పని చేయండి. ఇంట్లో ఎనిమిదవ తరగతి దాటిన బిడ్డ ఉంటే, పుట్టిన తేదీ చూసి, పదహారున్నర ఎప్పుడు వస్తుందో, పందొమ్మిదిన్నర ఎప్పుడు దాటుతుందో లెక్కవేసి గోడ క్యాలెండరు మీద వ్రాయండి. ఆ రెండు తేదీల మధ్య ఉన్న కాలాన్ని దేవుని చేతికి అప్పగించి ప్రార్థించండి. బిడ్డ ఏ దారిన వెళ్ళాలో ప్రభువే చూపిస్తాడు. దారి ఉన్నదని చెప్పడం మాత్రం పెద్దలమైన మన పని.